ఒక్క పాయింటు వెనుక నలభై ఏళ్లు

ఇంగ్లండ్‌లోని హల్ నగరానికి చెందిన రగ్బీ లీగ్ క్లబ్ హల్ కింగ్‌స్టన్ రోవర్స్ 2025 సీజన్ గురించి వచ్చిన ఉత్తరాలన్నింటినీ ఒకచోట చేర్చి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నేను హల్‌లో పీజీ చదువుతున్నాను. మేము అద్దెకుంటున్న ఇంటి యజమాని డెబ్బై ఏళ్ల పెద్దమనిషి. 2025 అక్టోబరు 11 రాత్రి టీవీలో రగ్బీ మ్యాచ్ అయిపోయాక ఆయన కుర్చీలోంచి లేవకుండా చాలాసేపు కన్నీళ్లు పెట్టుకున్నారు. తీరా చూస్తే గెలిచింది ఆయన జట్టే. ఎందుకని అడగడానికి మొహమాటపడ్డాను. మీరైనా చెబుతారా?
— ఒక విద్యార్థిని, హల్

జవాబు: ఆ రాత్రి మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో జరిగిన సూపర్ లీగ్ (రగ్బీ లీగ్‌లో ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ) గ్రాండ్ ఫైనల్‌లో, అంటే లీగ్ టైటిల్ ఎవరిదో తేల్చే మ్యాచ్‌లో, రోవర్స్ జట్టు విగన్ వారియర్స్‌ను 24-6తో ఓడించింది. అభిమానులు హల్ కేఆర్ అని పిలుచుకునే ఈ క్లబ్ అంతకుముందు లీగ్ టైటిల్ గెలిచింది 1985లో. అప్పటికి మీ ఇంటి యజమానికి ముప్ఫై ఏళ్లుంటాయి. జట్టు బలంగా ఉంది, వరుసగా కప్పులు గెలుస్తోంది, ఇక ముందూ గెలుస్తూనే ఉంటుందని ఆయన వయసువారంతా నమ్మిన రోజులవి. ఆ తర్వాతి పెద్ద ట్రోఫీ కోసం ఆయన తన డెబ్బయ్యో ఏడు దాకా ఎదురుచూడవలసి వచ్చింది.

ఊరికే ఓడిపోతూ వచ్చిన జట్టయితే అభిమాని మనసు ఎప్పుడో ఒకప్పుడు రాయి అవుతుంది. రోవర్స్ ఓడిన తీరు అలాంటిది కాదు. 1986లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన చాలెంజ్ కప్ (లీగ్‌కు వేరుగా జరిగే నాకౌట్ పోటీ) ఫైనల్‌లో కాసిల్‌ఫర్డ్ చేతిలో 15-14తో, అంటే ఒక్క పాయింటు తేడాతో ఓడింది. ఆ తర్వాత అక్కడి ఫైనల్‌కు మళ్లీ రావడానికి 2015 దాకా పట్టింది. ఆ రోజు లీడ్స్ రైనోస్ 50-0తో గెలిచింది. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఏ జట్టు సూపర్ లీగ్‌లో ఉండాలో, ఏ జట్టు కింది డివిజన్‌కు దిగిపోవాలో తేల్చే ఒక్క మ్యాచ్ రోవర్స్ సొంత మైదానం క్రేవెన్ పార్క్‌లో జరిగింది. చివరి నిమిషాల దాకా ఎనిమిది పాయింట్ల ఆధిక్యంలో ఉన్న రోవర్స్‌ను శాల్ఫర్డ్ రెండు ట్రైలతో (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించడం) 18-18 వద్ద అందుకుంది. అదనపు సమయంలో ముందు ఎవరు స్కోరు చేస్తే వారిదే గెలుపు. శాల్ఫర్డ్ ఆటగాడు గారెత్ ఒబ్రయన్ చాలా దూరం నుంచి కొట్టిన డ్రాప్ గోల్ (ఆట నడుస్తుండగానే తన్నే గోల్, దానికి ఒక పాయింటు) గోల్ స్తంభాల మధ్యనుంచి వెళ్లింది. 19-18. మళ్లీ ఒక్క పాయింటే. ఆ ఒక్క పాయింటుతో రోవర్స్ సూపర్ లీగ్‌నుంచి పడిపోయింది.

మీరు అదే ఊళ్లో ఉంటున్నారు కాబట్టి మీకు సులువుగా అర్థమయ్యే సంగతి ఒకటుంది. హల్ నది ఆ నగరాన్ని రెండుగా చీలుస్తుంది. తూర్పున రేవు కూలీల పేటలు రోవర్స్‌వి, పడమర చేపల వేట మీద బతికిన హెస్సిల్ రోడ్డు పరిసరాలు ఊళ్లోని మరో రగ్బీ లీగ్ జట్టు హల్ ఎఫ్‌సీవి. ఒకే కుటుంబంలో తల్లి వైపు వారు ఒక జట్టుకు, తండ్రి వైపు వారు మరో జట్టుకు కట్టుబడి ఉండడం అక్కడ మామూలు విషయం. రోవర్స్ దిగజారిన ఆ 2016లోనే, ఆగస్టులో, ఏటి అవతలి హల్ ఎఫ్‌సీ తన చరిత్రలో తొలిసారి వెంబ్లీలో కప్పు గెలిచింది, 2017లో మళ్లీ గెలిచింది. ఆ రెండేళ్లూ తూర్పు హల్ వాసులు పనికి వెళ్లే దారిలో ఏం విన్నారో, ఎలా తల దించుకున్నారో ఊహించుకోండి.

రోవర్స్ 2017లోనే సూపర్ లీగ్‌లో తిరిగి చోటు సంపాదించుకుంది. 2020లో పట్టికలో అట్టడుగున మిగిలినా, ఆ ఏడాది సీజన్ మధ్యలో కెనడా జట్టు టొరంటో తప్పుకోవడంతో ఎవరినీ కిందికి పంపలేదు. 2023లో ఆస్ట్రేలియా నుంచి కోచ్‌గా వచ్చిన విల్లీ పీటర్స్ మొదటి ఏడాదే జట్టును చాలెంజ్ కప్ ఫైనల్‌కు చేర్చాడు. లీ అనే పట్టణం జట్టుతో 16-16 వద్ద సమంగా నిలిచిన ఆ మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లింది. లీ ఆటగాడు లాక్లన్ లామ్ డ్రాప్ గోల్‌తో 17-16. మూడోసారీ అదే ఒక్క పాయింటు. 2024లో తొలిసారి గ్రాండ్ ఫైనల్‌కు చేరి విగన్ చేతిలో 9-2తో ఓడింది. మీ ఇంటి యజమాని ఆ కుర్చీలో కూర్చుని ఇవన్నీ చూసి ఉంటారు. అందుకే 2025లో అదే విగన్‌ను అదే మైదానంలో 18 పాయింట్ల తేడాతో ఓడించి, చివరి పది నిమిషాలు భయం లేకుండా చూడగలిగిన మ్యాచ్ అయ్యాక ఆయనకు కన్నీళ్లు రావడంలో నాకు ఆశ్చర్యం కనిపించలేదు. మొహమాటపడకుండా ఆయన్ని అడగండి. 1985 గురించి అడిగితే చాలు, మిగతాదంతా ఆయనే చెబుతారు.

ప్రశ్న: 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో మన హైదరాబాద్ హీరోస్ ఆడిన రగ్బీ, ఈ రగ్బీ లీగ్ ఒకటేనా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: కాదు. హైదరాబాద్ హీరోస్ ఆడినది రగ్బీ యూనియన్ నుంచి పుట్టిన ఏడుగురి ఆట. రగ్బీ లీగ్‌లో జట్టుకు పదమూడు మంది ఉంటారు. 1895 ఆగస్టు 29న ఉత్తర ఇంగ్లండ్ క్లబ్‌ల ప్రతినిధులు హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో సమావేశమై రగ్బీ యూనియన్ పాత సంఘం నుంచి విడిపోయారు. గొడవ అంతా కూలి డబ్బు గురించే. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు మ్యాచ్ కోసం పని మానుకుంటే ఆ పూట కూలి పోతుంది. ఆ నష్టాన్ని క్లబ్ భర్తీ చేయకూడదని దక్షిణాది పెద్దలు పట్టుబట్టారు. ఈ ఆట నేటికీ ప్రధానంగా యార్క్‌షైర్, లాంకషైర్ కార్మిక పట్టణాల్లోనే వేళ్లూనుకుని ఉండడానికి మూలం అక్కడుంది.

ఆడే తీరు క్రికెట్, కబడ్డీ తెలిసినవారికి కొత్తగా అనిపించదు. ఓవర్‌కు ఆరు బంతులున్నట్టు ఇక్కడ బంతి చేతిలో ఉన్న జట్టుకు ఆరు ట్యాకిళ్ల అవకాశం ఉంటుంది. రైడర్‌ను చుట్టుముట్టి పట్టినట్టు బంతి పట్టుకున్నవాణ్ని ఇద్దరు ముగ్గురు కలిసి నేలకు దించుతారు. అతడు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లిస్తే ఆట సాగుతుంది. ఆరోసారి పట్టుబడితే బంతి అవతలి జట్టుది, అందుకే ఐదు ట్యాకిళ్లయ్యాక సాధారణంగా బంతిని ముందుకు తన్నేస్తారు. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే ట్రై, దానికి నాలుగు పాయింట్లు. ఆ తర్వాత నిలబెట్టిన బంతిని గోల్ స్తంభాల మధ్యనుంచి తన్నితే మరో రెండు. ఆట నడుస్తుండగా కొట్టే డ్రాప్ గోల్‌కు ఒకటి. పైన చెప్పిన ఒక్క పాయింటు విషాదాల్లో రెండు ఈ డ్రాప్ గోల్ వల్ల వచ్చినవే.

ప్రశ్న: 2025 చాలెంజ్ కప్ ఫైనల్ చివరి నిమిషాల వీడియో చూశాను. స్కోరు సమమయ్యాక గోల్ తన్నిన ఆటగాడు స్తంభాలకు ఎదురుగా కాకుండా పక్కకు వెళ్లి ఎందుకు తన్నాడు? ఎదురుగా నిలబడితే తేలిక కదా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎక్కడినుంచి తన్నాలో ఎంచుకునే హక్కు అతనికి లేదు. ట్రై కోసం బంతిని గీత మీద ఎక్కడ ఆనించారో, అక్కడికి నిలువుగా ఎదురున్న వరుసలో ఎంత వెనక్కైనా వెళ్లవచ్చు, పక్కకు మాత్రం జరగకూడదు. స్తంభాల మధ్య ట్రై వేస్తే గోల్ చాలా తేలిక. మూలన వేస్తే రెండు స్తంభాలు దాదాపు ఒకదాని వెనుక ఒకటి ఉన్నట్టు కనిపిస్తాయి, బంతి దూరే సందు సన్నబడుతుంది.

జూన్ 7న వెంబ్లీలో ఆట ముగియడానికి రెండు నిమిషాలు కూడా లేనప్పుడు వారింగ్టన్ 6-2తో ముందంజలో ఉంది. ముందుకు తన్నిన బంతి వారింగ్టన్ చేతికి చిక్కలేదు, రోవర్స్ వింగర్ (మైదానం అంచున ఆడేవాడు) టామ్ డేవీస్ దాని మీద పడి ట్రై వేశాడు. స్కోరు 6-6. గోల్ తన్నవలసింది మైకీ లూయిస్. అతడు హల్‌లోనే పుట్టి పెరిగినవాడు, 2024లో సూపర్ లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే మ్యాన్ ఆఫ్ స్టీల్ పురస్కారం పొందినవాడు. బంతి స్తంభాల మధ్యనుంచి సాగిపోయింది. 8-6.

పాత అభిమానులు ఆ క్షణంలో ఊపిరి బిగబట్టడానికి వేరే కారణం ఉంది. 1986 ఫైనల్‌లోనూ చివరి క్షణాల్లో రోవర్స్ ట్రై వేసి 14-15కు చేరింది. గోల్ పడితే కప్పు వచ్చేది. జాన్ డొరాహీ తన్నిన బంతి గురి తప్పింది. 39 ఏళ్ల తర్వాత అదే పోటీలో, అదే చోట కట్టిన కొత్త స్టేడియంలో, అదే రెండు పాయింట్ల కోసం మరో ఆటగాడు బంతిని నిలబెట్టాడు. లూయిస్ ఆ పాత మ్యాచ్ నాటికి పుట్టనే లేదు.

ఓడిన జట్టు గురించీ ఒక మాట చెప్పాలి. ఆ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ వారింగ్టన్‌కు చెందిన మార్క్ స్నీడ్‌కు దక్కింది. 2016, 2017 ఫైనళ్లలో హల్ ఎఫ్‌సీ తరఫున ఆ ట్రోఫీ గెలిచిందీ అతడే. మూడోసారి దాన్ని అందుకుంటున్నప్పుడు అతని జట్టు కప్పు చేజార్చుకుని నిలబడి ఉంది. వారింగ్టన్‌కు అది వరుసగా రెండో ఏడాది ఫైనల్ ఓటమి. ఆ జట్టు లీగ్ టైటిల్ గెలిచి 1955 నుంచి డెబ్బై ఏళ్లయింది. ఎదురుచూపుల లెక్కలో వారి బాధ రోవర్స్ బాధకన్నా పెద్దదే.

ప్రశ్న: 27 రౌండ్లు ఆడి పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన జట్టు విజేత కావడానికి మళ్లీ ఫైనల్ ఆడడం అన్యాయం కాదా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: 2025 సెప్టెంబరులో చివరి రౌండ్ ముగిశాక పట్టికలో అగ్రస్థానానికిచ్చే లీగ్ లీడర్స్ షీల్డ్ రోవర్స్‌కు అందింది. దాని తర్వాత మొదటి ఆరు జట్లు ప్లేఆఫ్స్ ఆడతాయి. మొదటి రెండు జట్లు నేరుగా సెమీఫైనల్‌కు వెళ్తాయి, అదీ సొంత మైదానంలో. గ్రాండ్ ఫైనల్ గెలిచినవారే చాంపియన్లు. 1998 నుంచి ఇదే పద్ధతి. నా అభిప్రాయం అడిగితే, నెలల తరబడి పడిన శ్రమకు ఒక షీల్డ్ మాత్రమే ఇచ్చి టైటిల్‌ను 80 నిమిషాల ఆటకు వదిలేయడం నాకు పూర్తిగా నచ్చదు. అయితే మన ఐపీఎల్‌లోనూ జరుగుతున్నది ఇదే. 2025లో మాత్రం రెండూ ఒకే జట్టుకు దక్కాయి కాబట్టి వాదనకు తావు లేకుండా పోయింది.

డబ్బుతో కొనుక్కున్న విజయమా అని కూడా మీరు రాశారు. సూపర్ లీగ్‌లో ఆటగాళ్ల జీతాల మీద పరిమితి ఉంది. కొద్దిమంది పెద్ద ఆటగాళ్ల విషయంలో ఇచ్చే మినహాయింపును పక్కన పెడితే అది ఏడాదికి సుమారు 21 లక్షల పౌండ్లు. విగన్ వంటి సంపన్న క్లబ్‌కూ అదే గీత వర్తిస్తుంది.

ప్రశ్న: రోవర్స్ జట్టు జాబితాలో 5 తర్వాత 7వ నంబరు ఉంది. 6 ఏమైంది?
— అదే విద్యార్థిని, హల్

జవాబు: అది రోజర్ మిల్‌వార్డ్ నంబరు. 1980 మే 3న వెంబ్లీలో చాలెంజ్ కప్ ఫైనల్ హల్‌లోని రెండు జట్ల మధ్యే జరిగింది. 95 వేల మంది చూశారు. ఊరు వదిలి వెళ్లే రోడ్డు పక్కన 'చివరగా వెళ్లేవారు దీపాలు ఆర్పండి' అని ఎవరో బోర్డు పెట్టారు. మిల్‌వార్డ్ చిన్న దేహంవాడు, అప్పటికే జట్టుకు సారథి, కోచ్ కూడా ఆయనే. ఆట మొదలైన కాసేపటికే ఒక దెబ్బకు దవడ ఎముక విరిగింది. ఆయన మైదానం వదలలేదు, విరిగిన దవడతోనే ఆడాడు. రోవర్స్ 10-5తో గెలిచింది. 2025కు ముందు ఆ క్లబ్ గెలిచిన ఏకైక చాలెంజ్ కప్ అదే. 1985 టైటిల్ నాడూ, 1986లో ఆ గోల్ తప్పిన నాడూ కోచ్‌గా పక్కన ఉన్నది ఆయనే.

ఆయన 2016 మేలో మరణించారు. క్లబ్ ఆయన గౌరవార్థం 6వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది. ఆ ఏడాది అక్టోబరులోనే జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. 2025లో మూడు ట్రోఫీలు గెలిచిన జట్టులోనూ ఆ చొక్కా ఎవరూ వేసుకోలేదు.