ఓడలో వాంతులైతే షుగర్ మాత్రల సంగతేమిటి?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 61, మా వారికి 67. మా పెళ్లయి నలభై ఏళ్లు నిండాయని మా అమ్మాయి సింగపూర్ నుంచి సిడ్నీకి 16 రాత్రుల ఓడ ప్రయాణం బుక్ చేసింది. శ్రీశైలం వెళ్లేటప్పుడు దోర్నాల దాటి ఘాట్ రోడ్డు మొదలైతే చాలు, నాకు వాంతులే. వాంతులు రాకుండా ఇద్దరూ వేసుకోండంటూ అమ్మాయి ఒకే రకం మాత్రలు పంపింది. మా వారికి బీపీ, షుగర్, ప్రోస్టేట్ ఉన్నాయి. ఆయనైతే క్యాలెండర్‌లో రోజూ ఒక తేదీ కొట్టేస్తూ పొంగిపోతున్నారు. నాకు భయంగా ఉందని చెప్పలేకపోతున్నాను. మందుల చీటీ, మాత్రల అట్ట ఫొటోలు జత చేశాను. వెళ్లవచ్చా?

సమాధానం: వెళ్లండమ్మా. మీ భయానికి మందుంది. ఆ చీటీ చూశాక నాకు కలిగిన భయం మాత్రం మీ గురించి కాదు, మీ వారి గురించి.

ముందు మీ సంగతి. లోపలి చెవి శరీరం ఊగుతోందని చెబుతుంది. గది గోడలను చూస్తున్న కళ్లేమో అంతా నిశ్చలంగానే ఉందంటాయి. ఈ తగవులోంచే కడుపులో తిప్పుడు పుడుతుంది. ఘాట్ రోడ్డులో బస్సు నడిపే డ్రైవరుకు వాంతి రాకపోవడం గమనించే ఉంటారు. మలుపు ఎటో అతని కళ్లకు ముందే తెలుసు. అందుకే తల తిరిగినప్పుడు గదిలో పడుకుని ఫోను చూడకుండా పై అంతస్తుకు వెళ్లి, సముద్రం ఆకాశాన్ని కలిసే గీత మీద చూపు నిలపండి. గది ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో ఉంటే ఊపు తక్కువ. మార్చడానికి వీలుంటుందేమో అమ్మాయిని అడగమనండి. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఒళ్లు అలవాటు పడిపోతుంది.

అమ్మాయి పంపింది ప్రోమెథజైన్. మీ చీటీలో దానికి అడ్డుపడే మందులేవీ కనిపించలేదు. నీటికాసులు అనే కంటి జబ్బు ఉంటే మాత్రం కంటి డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. ఇది బాగా మత్తునిస్తుంది, నోరు ఆరిపోతుంది. బయలుదేరడానికి వారం ముందు ఇంట్లోనే ఒక రాత్రి వేసుకుని చూడండి. మర్నాడు కూడా తూలుతుంటే సగం మాత్ర చాలేమో మీ డాక్టరును అడగండి.

మీ వారికి ఆ మాత్ర ఇవ్వకండి. ప్రోస్టేట్ పెరిగినవారికి ఇలాంటి మందుతో మూత్రం పూర్తిగా బిగుసుకుపోవచ్చు. నడిసముద్రంలో గొట్టం వేయించుకునే అవస్థ ఎందుకు? పైగా ఆయనకు ప్రయాణాల్లో వాంతులవుతాయని మీరు రాయలేదు కూడా.

ఇక అసలు విషయం. మీ వారి చీటీలో షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టాన్‌తో కలిపిన నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) ఉన్నాయి. రోజూ తిని తిరిగే మనిషికి ఇవి మంచి మందులే. కానీ సముద్రం ఉగ్రంగా ఉన్న రోజునో, ఓడల్లో తరచూ పాకే నోరోవైరస్ తగిలిన రోజునో వాంతులు, విరేచనాలతో ఏమీ తినలేకపోయారనుకోండి. తిండి లేకుండా గ్లిమిపిరైడ్ వేస్తే షుగర్ పడిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు బీపీ మాత్ర, నీళ్ల మాత్ర కలిసి కిడ్నీలను దెబ్బతీయగలవు. ఆ స్థితిలో మెట్‌ఫార్మిన్ కూడా ప్రమాదమే. అన్నిటికన్నా జిత్తులమారి డపాగ్లిఫ్లోజిన్. తిండి మానేసిన రోజున దీనివల్ల రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకోవచ్చు. అప్పుడు వచ్చేవి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. అచ్చం ఓడ పడనట్టే ఉంటుంది! గ్లూకోమీటర్‌లో షుగర్ 200 లోపే కనిపించినా ఇది జరగవచ్చు. కాబట్టి మామూలు వాంతులేనని నిమ్మకాయ వాసన చూపిస్తూ కూర్చోకండి, ఓడలోని డాక్టరుకు ఆ మాత్ర పేరు చెప్పండి.

‘తినలేని రోజున ఏ మాత్ర ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి’ అన్నది బయలుదేరేముందు మీ డాక్టరుతో ఒక కాగితం మీద రాయించుకోండి. ఇలాంటి రోజున సాధారణంగా ఈ నాలుగింటినీ ఆపి, మామూలుగా తిని తాగడం మొదలై ఒకటి రెండు రోజులయ్యాక తిరిగి ఇస్తాం. ఓఆర్‌ఎస్ పొట్లాలు పట్టుకెళ్లండి. షుగర్ మనిషికి తీపి నీళ్లా అని వెనకాడకండి. లీటరు నీళ్లలో కలిపే పొట్లంలో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములే. నోరోవైరస్‌ను శానిటైజర్ సరిగా చంపలేదు, బఫేకు వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

మందులు పెద్ద పెట్టెలో కాకుండా చేతిసంచీలో, చీటీతో పాటు ఉంచండి. ఓడలోని ఆస్పత్రి చిన్నది, ఖర్చు మాత్రం పెద్దది. బీమా తీసుకునేటప్పుడు షుగర్, బీపీ దాచకుండా రాయండి. ఓడ నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి.

ఆవకాయ సంగతి మీరు అడగలేదు గానీ, గుంటూరు ఇల్లు కదా, సీసా ఇప్పటికే సర్దేసి ఉంటారు. ఇంటి వంటకాలను చాలా ఓడల్లోకి రానివ్వరు. ఒకవేళ రానిచ్చినా, సిడ్నీలో దిగేటప్పుడు ప్రయాణికులు నింపే కార్డులో తప్పక రాయాలి, లేకపోతే జరిమానా. మీ వారి బీపీ చూస్తే, ఆ సీసా ఓడ వాళ్లే ఆపేసినా నాకేమీ బాధ లేదు.