అమెరికా కారు రేసర్ రాబీ గోర్డన్ ఎడారి రేసుల నుంచి తారు ట్రాకుల దాకా ఎలా రాణించాడు?

పునాది ఇంట్లోనే పడింది. తండ్రి బాబ్ గోర్డన్ కూడా కాలిఫోర్నియా ఆఫ్-రోడ్ (రోడ్డు లేని నేలపై పరుగు) రేసరే. ఆ రంగంలో 'బాహా బాబ్' అని పిలిచేవారు. 1969లో పుట్టిన రాబీ కుర్రతనంలోనే మెక్సికో ఎడారిలో జరిగే బాహా 1000 గెలిచాడు.

ఇసుకలో, రాళ్లలో పట్టు తప్పిన బండిని క్షణంలో సరిదిద్దుకోవడం అలవాటైతే మలుపుల ట్రాకుల్లో అది పెద్ద బలం. 2003లో అతని రెండు నాస్కార్ కప్ (అమెరికా స్టాక్ కార్ల పోటీలు) విజయాలూ (సొనోమా, వాట్కిన్స్ గ్లెన్) అలాంటి ట్రాకుల్లోనివే. తెగువకు మూల్యమూ ఉంది: 1999లో ఇండియానాపోలిస్‌లో జరిగే 500 మైళ్ల రేసు 'ఇండీ 500'లో ముందంజలో ఉండి, ఇంధనం సరిపోతుందని సాగదీసి, ఆఖరి ల్యాపుల్లో ఇంధనం కోసం పిట్‌కి (ట్రాక్ పక్కన బండి ఆపే చోటు) రావాల్సి వచ్చింది. నాలుగో స్థానం దక్కింది.

నన్నడిగితే అతని అసలు సత్తా రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీలోనే కనిపిస్తుంది. 2009లో అక్కడ హమ్మర్ బండితో మూడో స్థానం. 2013లో స్టేడియం సూపర్ ట్రక్స్ (ర్యాంపుల మీదుగా దూకే ట్రక్కుల రేసులు) పోటీలు మొదలుపెట్టాడు. కొడుకు మ్యాక్స్ కూడా వాటిలో పాల్గొన్నాడు.