పాత లోగిలి ఎవరెవరిది?

ప్రశ్న: మా తాతగారు 1962లో కొన్న మండువా లోగిలి ఒకటి ఉంది. దాన్ని ఎవరు కట్టించారో, మా చేతికి రాకముందు ఎవరెవరిదో తెలుసుకోవాలని ఉంది. ఉన్నది ఆ ఒక్క దస్తావేజే. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఏమీ రాలేదు. దారి చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: ఈసీ ఖాళీగా రావడం మామూలేనండి. ఆన్‌లైన్‌లో దొరికేవి సాధారణంగా 1983 తర్వాతి రిజిస్ట్రేషన్లే. అందుకే ముందు మీ దస్తావేజునే నిదానంగా చదవండి. అమ్మినవారికి ఆ ఇల్లు ఎలా సంక్రమించిందో అందులో రాసి ఉంటుంది. పాత క్రయదస్తావేజు నంబరు, సంవత్సరం కనిపిస్తే, రిజిస్ట్రేషన్ జరిగిన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దాని నకలుకు దరఖాస్తు పెట్టండి. స్థిరాస్తి దస్తావేజులు ఆ ఆఫీసు రిజిస్టర్లలో 1వ పుస్తకంలో ఉంటాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం వాటి నకలు రుసుము కట్టిన ఎవరికైనా ఇస్తారు. ఆ నకలు చదివితే దానికి ముందుది తెలుస్తుంది.

‘మా పిత్రార్జితం’ అని మాత్రమే ఉంటే చిక్కు. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నదీ, తండ్రి పోయాక కొడుక్కి వచ్చిందీ రిజిస్టరుకు ఎక్కవు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించినా అది 3వ పుస్తకంలో ఉంటుంది, ఈసీలో రాదు. రాసినవారు చనిపోయాక దాని నకలు ఎవరైనా అడగవచ్చు.

ఊరి మధ్య ఇళ్లు సాధారణంగా గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లకని ఉంచిన నేలలో ఉంటాయి. అక్కడ ఇంటింటికీ విడి సర్వే నంబరు ఉండదు కాబట్టి భూమి రికార్డుల్లో వెతికితే కాలయాపనే. పంచాయతీలో పాత ఇంటిపన్ను రిజిస్టర్లు మిగిలి ఉంటే అవి చూడండి. డోరు నంబర్లు మారిపోతుంటాయి, అందుకని పక్కిళ్ల పేర్లతో సరిచూసుకోండి. పన్ను కట్టినవారే యజమాని అని మాత్రం అనుకోవద్దు.

అన్నిటికన్నా గట్టి ఆధారం ఇరుగుపొరుగు దస్తావేజులు. మీ తూర్పింటి వారి పాత కాగితంలో పడమటి హద్దుగా ఉన్నది మీ లోగిలే. అది రాసిన నాటికి మీ ఇల్లు ఎవరిదో అక్కడ పేరుతో సహా ఉంటుంది. నాలుగు వైపులా ఇలా చూస్తే, మీ ఇంటి కాగితాలు పోయినా పేర్ల వరుస చాలావరకు నిలబడుతుంది. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆనవాయితీ, కాబట్టి తండ్రి పేరు కలవనిదే ఇద్దరినీ ఒకరుగా లెక్కించకండి. దత్తత వెళ్లినవారికి ఇంటిపేరే మారుతుంది.

కట్టిన కాలం కోసం పెంకు మీది ఫ్యాక్టరీ ముద్రను నమ్ముకోవద్దు. మంగళూరులో బాసెల్ మిషన్ పెంకుల ఫ్యాక్టరీ 1865లో మొదలైంది. గోడలు అంతకన్నా పాతవై, తాటాకో నాటుపెంకో తీసి తర్వాత ఆ పెంకు పరిచి ఉండవచ్చు. ద్వారబంధం మీద, దూలాల మీద చెక్కిన సంవత్సరం ఉందేమో దీపం పట్టి చూడండి.