ఆగిన మోటరు కాదు, ఆగని హీటరు

అల్లుడా,

రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "మామా, ఉప్పునీళ్ల అక్వేరియంల రిటర్న్ పంపు ఆగింది, చేపలు, కోరల్స్ అన్నీ సస్తయా" అని అడిగినవు. నిద్రమత్తుల ఏదో చెప్పిన. ఇప్పుడు తీరుబడిగ రాస్తున్న.

ముందుగాల నీ పంపు సంగతి, అదే కింది డబ్బాల నీళ్లను పైట్యాంకుకు ఎక్కిచ్చేది. ప్లగ్ పీకినంకనే నీళ్లల్ల చెయ్యి పెట్టు. మూత విప్పి ఇంపెల్లర్, అంటే లోపల తిరిగే రెక్కల చక్రం, బయటికి తీయి. దాని మీద తెల్లగ సున్నం లెక్క పేరుకుంటే వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి అరగంట నానబెట్టి టూత్‌బ్రష్‌తోని రుద్దు. పదిల ఎనిమిది పంపులు అట్లనే బతుకుతయి. ఒకవేళ బాడీ పగిలి లోపలి రాగి కాయిల్ తడిస్తే మాత్రం ఆశ వదులుకో. హన్మకొండల ముప్పై ఏండ్లు బోరు మోటర్ల వైండింగ్ చేసినోణ్ణి, అట్లాంటిది చూస్తే చెయ్యి దురద పెడుతది. గానీ రాగి ఉప్పునీళ్లల్ల కలిస్తే ముందు రొయ్యలు, నత్తలే పోతయి. అది చెత్తకుప్పకే.

అయినా ఆగిన మోటరుకు నేను భయపడను. చప్పుడు బందైతే మనకే తెలుస్తది. ఆగకుండ నడిచేదే ముంచుతది. ఒక సంక్రాంతికి చలి అని హీటర్ పెట్టిన, లోపల వేడి చూసి కరెంటు ఆపే థర్మోస్టాట్ అతుక్కపోయింది. పొద్దున చెయ్యి పెడితే స్నానం నీళ్ల లెక్కున్నది, థర్మామీటర్ల 34 డిగ్రీలు. రెండేండ్లు పెంచిన టార్చ్ కోరల్ అనే పగడం కండ మొత్తం ఊడొచ్చింది. మీ అత్త అయితే ఆ వాసనకు రెండు రోజులు ఆ గదిల అడుగు పెట్టలే.

అప్పటిసంది ఒక 200 వాట్ల హీటర్ బదులు 100వి రెండు పెడుతున్న. ఒకటి అతుక్కున్నా నీళ్లు ఉడకవు. రెండిటికీ బయట వేరే కంట్రోలర్, 27 దాటితే కరెంటు కట్. శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతది గద, ఆ రోజే రెండు ప్లగ్గులూ పీకి అల్మారల పెడుత.

ఆవిరైన నీళ్లు నింపే ఫ్లోట్ కూడ ఈ జాతిదే. నత్త ఎక్కి కూసున్నా, ఉప్పు గడ్డకట్టినా ఇరుక్కుంటది, మంచినీళ్లు పోస్తనే ఉంటది. దాన్ని ఆర్వో పైపుకు నేరుగ కలపకు, పది లీటర్ల బకెట్‌కు కలుపు. నీ 200 లీటర్ల ట్యాంకుల ఆ బకెట్ మొత్తం పడ్డా ఉప్పు వెయ్యికి 35 పాళ్ల నుంచి 33కు దిగుతది, అంతే.

కరెంటు పోతే ముందు కష్టం చేపలకు, కోరల్స్‌కు కాదు. లైటు లేకున్నా అవి ఒకటి రెండు రోజులు ఓర్సుకుంటయి, గాలి లేకుంటే చేపలు ఓర్వవు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకో. అది లేని రాత్రి మగ్గుతోని నీళ్లు ముంచి ఎత్తు నుంచి పొయ్యి. మేత బంద్. ఇన్వర్టర్ మీద నీళ్లను కదిలించే చిన్న వేవ్‌మేకర్ ఒక్కటే పెట్టు, నీళ్లు చల్లబరిచే చిల్లర్ పెడితే బ్యాటరీ జల్ది ఖాళీ అయితది.

రోహిణి కార్తెల చిల్లర్ చెడితే ఏం చేస్తవ్? నీళ్ల మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పు. మనది ఎండుగాలి, నీళ్లు జల్ది ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతది. విశాఖల ఉన్నోళ్లకు ఉక్కపోత వల్ల ఇంత పని చెయ్యదు. సముద్రం లేని ఊరికి ఆ ఒక్క లాభం. అయితే అదే గదిల కూలర్ నడిపినవనుకో, ఆ లాభం కూడ పాయె. ఐస్ నేరుగ వెయ్యకు, గడ్డకట్టిన బాటిల్ మూత బిగించి ఒక్కొక్కటి వెయ్యి.

ఇంకొకటి. పంపు బాగైనంక నువ్వు ఎదురుగ ఉన్నప్పుడే ఒకసారి స్విచ్ ఆపి చూడు. పైనీళ్లు పైపుల నుంచి వెనక్కి గుంజుకొని కింది సంపులకు దిగుతయి. వాకిట్ల మంచినీళ్ల సంపు కాదు, ట్యాంకు కిందిది. అది పొంగితే ఆ గుంజుడు ఆపేటందుకు రిటర్న్ పైపుకు పైనీళ్ల మట్టానికి జర కింద చేసే చిన్న బొక్క మూసుకపోయిందన్నట్టు, పుల్ల పెట్టి తీయి.

ఆదివారం కాజీపేట దాంక వచ్చే పనున్నది, నా పాత పంపు తెస్త. వెనిగర్ నువ్వు తెచ్చిపెట్టు.

మీ మామ