కోల్‌కతాలో కిటికీ ఉన్న గది, అరటాకు వేసే హోటల్

చలికాలం దగ్గర పడేసరికి మన శీర్షికకు ఊళ్లు తిరిగే ప్రశ్నలే ఎక్కువగా వస్తాయి. ఈసారి చిత్రంగా నాలుగు ఉత్తరాలు కోల్‌కతా గురించే వచ్చాయి. అందుకే నాలుగూ ఒకేచోట వేసేస్తున్నాం.

ప్రశ్న: డిసెంబరులో నాలుగు రోజులు కోల్‌కతా వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, 11 ఏళ్ల బాబు, 7 ఏళ్ల పాప, మా అత్తయ్యగారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు, మెట్లు ఎక్కలేరు. ఫోన్‌లో హోటళ్లు చూస్తుంటే అన్నీ ఒకేలా తళతళలాడుతున్నాయి, రేట్లు మాత్రం 900 నుంచి 9,000 దాకా ఉన్నాయి. గదికి 2,500 దాటకూడదని మావారి ఆర్డర్. ఎక్కడ దిగితే మంచిది?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఎవరిని అడిగినా సదర్ స్ట్రీట్‌లో దిగమనే చెప్తారు. ఇండియన్ మ్యూజియం పక్క సందు అది. దానికి ఆనుకునే ఫ్రీ స్కూల్ స్ట్రీట్, మార్క్విస్ స్ట్రీట్, నాలుగడుగులేస్తే న్యూ మార్కెట్. చవక లాడ్జీలకు పేరున్న చోటే, కాదనను. కానీ అక్కడి భవనాలు చాలావరకు పాతవి, మెట్లు నిటారుగా ఉంటాయి, చవక గదుల్లో లిఫ్ట్ ఉన్నవి వెతుక్కోవాలి. వీపుకు బ్యాగు తగిలించుకుని తిరిగే కుర్రాళ్లకు బాగుంటుంది కానీ అత్తయ్యగారితో అయితే నేను వద్దనే అంటాను.

మీరు లేక్ మార్కెట్ వైపు చూడండి. దక్షిణ కోల్‌కతాలో రాస్‌బిహారీ అవెన్యూ మీద ఉంటుంది. మనలాంటి దక్షిణాది వాళ్లు, ముఖ్యంగా తమిళులు, ఎన్నో ఏళ్లుగా స్థిరపడిన పేట అది. పొద్దున్నే అరటాకులు, మల్లెపూలు, కరివేపాకు అమ్మేవాళ్లు కనిపిస్తారు. బనానా లీఫ్, రామకృష్ణ లంచ్ హోమ్ లాంటి చోట్ల ఇడ్లీ, దోసె, సాంబారన్నం దొరుకుతాయి కాబట్టి ఆవిడ టిఫిన్ గురించి మీకు టెన్షన్ ఉండదు. దగ్గర్లోనే కాళీఘాట్ మెట్రో స్టేషన్ ఉంది. అదే లైన్‌లో ఎక్కితే పార్క్ స్ట్రీట్, ఎస్ప్లనేడ్ మీదుగా దక్షిణేశ్వర్ దాకా రైలు మారకుండా వెళ్లిపోవచ్చు. అంటే అత్తయ్యగారు చూడాలనుకునే కాళీఘాట్, దక్షిణేశ్వర్ కాళీ గుళ్లు రెండూ, పిల్లలు చూడాలనుకునే మ్యూజియమూ ఒకే గీత మీద ఉన్నాయి. ఈ ఊళ్లో గది వెతికేటప్పుడు నేను ముందు ఈ మెట్రో గీతే చూస్తాను, గది ఫొటోలు ఆ తర్వాతే.

ఇక ఫొటోల సంగతి. కొన్నేళ్ల క్రితం నేను న్యూ మార్కెట్ వెనకాల ఒక చోట 'డీలక్స్ విత్ విండో' అని బుక్ చేసుకున్నాను. వెళ్లి చూస్తే కిటికీ నిజంగానే ఉంది, పరదా కూడా ఉంది. పరదా తీస్తే అవతల వరండా, వరండాలో ఒకాయన బనీనుతో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు, నేనూ నవ్వి పరదా వేసేశాను. మూడు రోజులూ వేసే ఉంచాను. అప్పటి నుంచి నేను హోటల్‌కు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న, కిటికీ ఎటు తెరుచుకుంటుంది అని. రెండోది, లిఫ్ట్ వీధి గడప దగ్గరి నుంచే ఉందా, లేక ఒక అంతస్తు ఎక్కాక మొదలవుతుందా అని (నవ్వకండి, అలాంటివీ ఉన్నాయి). వేడినీళ్లకు గీజరా బకెట్టా, రేటు జీఎస్టీతో కలిపా, పిల్లలకు అదనంగా వేసే పరుపుకు ఎంత, ఇవన్నీ అదే ఫోన్‌లో తేల్చుకోండి. హిందీలో మాట్లాడితే చాలు. అయిదుగురికి ఒకే గది ఇవ్వరు, రెండు గదులో ఒక ఫ్యామిలీ రూమో తీసుకోవాలి కాబట్టి మీవారి 2,500 లెక్క ఒక గదికా మొత్తానికా అన్నది ముందు ఇంట్లో తేల్చుకుంటే మంచిది.

రైలు తెల్లారేసరికి దింపేస్తే గది మధ్యాహ్నం 12 దాకా ఇవ్వం అనే హోటళ్లే ఎక్కువ. కాబట్టి పొద్దున్నే ఇస్తారా, ఇవ్వకపోతే సామానైనా పెట్టుకోనిస్తారా అని అడిగి పెట్టుకోండి. టికెట్ మీద హౌరా ఉందా షాలిమార్ ఉందా అన్నదీ చూసుకోండి, కోరమాండల్ లాంటివి ఇప్పుడు షాలిమార్ దగ్గరే ఆగిపోతున్నాయి. హౌరాలో దిగితే స్టేషన్ నుంచే మెట్రో ఉంది, హుగ్లీ నది కింద నుంచి ఎస్ప్లనేడ్‌కు తీసుకెళ్తుంది. 2024 మార్చిలో మొదలైంది. పిల్లలకు నది కింద నుంచి వెళ్తున్నామని ముందే చెప్పకపోతే మాత్రం వాళ్లకు తెలియను కూడా తెలియదు, కిటికీలో చీకటే.

క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య వెళ్లకండి. పార్క్ స్ట్రీట్ అంతా దీపాలు పెడతారు, చూడ్డానికి బాగుంటుంది, కానీ గదుల రేట్లు కూడా అలాగే వెలుగుతుంటాయి. డిసెంబరు మొదటి రెండు వారాలే మీకు నయం. సోమవారం మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ రెండూ మూసేస్తారు, ఆ రోజు దక్షిణేశ్వర్ పెట్టుకోండి.

ప్రశ్న: నా స్నేహితులు నలుగురితో వెళ్తున్నాను. పెద్ద రెస్టారెంట్లు మన దగ్గరా ఉన్నాయి, వాటికి అంత దూరం వెళ్లక్కర్లేదు. డబ్బు ఎక్కువ పెట్టకుండా సరదాగా కూర్చుని తినే చోట్లు చెప్పండి.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీకైతే పైస్ హోటళ్లు. పైసల కాలంలో పైసలకే అన్నం పెట్టిన హోటళ్లు కాబట్టి ఆ పేరు. చేపా అన్నమూ తినే మామూలు మెస్సులే అనుకోండి, కానీ లెక్క వేరు. మనం 'ఫుల్ మీల్స్' అనగానే పప్పు, కూర, చారు, పెరుగు అన్నీ అడక్కుండా వచ్చి పడతాయి కదా, అక్కడ ఏదీ అడక్కుండా రాదు. అన్నానికి వేరు, పప్పుకు వేరు, చేపకు వేరు. అరటాకు వేస్తే దానికీ, మట్టి గ్లాసుకూ, నిమ్మచెక్కకూ కూడా లెక్క కడతారు. మొదటిసారి బిల్లులో ఆకు ధర చూసి నేను గొడవకు దిగబోయాను, పక్కన కూర్చున్న ముసలాయన నవ్వి, ఇక్కడ అంతే బాబూ, ఎంత తింటే అంతే కట్టు, అన్నాడు. ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. మనం మీల్స్‌లో వదిలేసే మూడు కూరలకు డబ్బు కట్టట్లేదా?

ప్రెసిడెన్సీ యూనివర్సిటీ పక్క సందులో స్వాధీన్ భారత్ హిందూ హోటల్, న్యూ మార్కెట్ వెనక జాన్‌బజార్ వైపు సిద్ధేశ్వరి ఆశ్రమ్, ఈ రెండూ పేరున్నవి. గోడ మీద ఆ రోజు చేపలేంటో రాసి పెడతారు. మధ్యాహ్నం ఒంటిగంటకు ముందే వెళ్లండి, ఆలస్యమైతే మంచివి అయిపోతాయి. ముళ్ల చేప తినడం రాకపోతే ఇలిష్ జోలికి వెళ్లకండి. ఇలిష్ అంటే మన పులసే, ఆ ముళ్ల సంగతి గోదావరి వాళ్లనడగండి. మొదటిసారికి రొయ్యో భేట్కీయో (మన పండుగప్ప) హాయి.

స్వాధీన్ భారత్‌లో భోంచేసి కాలేజ్ స్ట్రీట్ మీదికి వస్తే పుస్తకాల బండ్లు, ఆ పక్కనే మేడ మీద ఇండియన్ కాఫీ హౌస్. కాఫీ గొప్పగా ఏమీ ఉండదు, మన ఫిల్టర్ కాఫీ ముందు దిగదుడుపే. వెళ్లేది కాఫీకి కాదు. తలపాగా పెట్టుకున్న సర్వర్లు, ఎత్తయిన కప్పు, ప్రతి బల్ల దగ్గరా ఒక గొడవ. కాఫీ చెప్పి రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. నోరు చల్లబడాలంటే కాలేజ్ స్క్వేర్ పక్కన పారమౌంట్ ఉంది, 1918 నుంచి షర్బత్‌లే అమ్ముతున్నారు. 'డాబ్ షర్బత్' అడగండి, లేత కొబ్బరి ముక్కలు వేసి ఇస్తారు.

ఆదివారం ఆ ఊళ్లో ఉంటే పొద్దున 6 గంటలకల్లా టిరెట్టా బజార్ వెళ్లండి. అక్కడి చైనా వాళ్లు రోడ్డు మీదే మోమోలు, ఆవిరి బన్నులు, చేప ఉండలు వేసిన సూప్ అమ్ముతారు. ఎక్కువగా పంది మాంసమే, తినని వాళ్లు ముందే అడగాలి. ఎనిమిది దాటాక వెళ్లి ఏమీ లేదని నన్ను తిట్టకండి. సాయంత్రం న్యూ మార్కెట్ దగ్గర నిజామ్స్‌లో కాఠీ రోల్, అంటే పరాఠాలో చుట్టిన కబాబ్. రోల్ పుట్టిందే అక్కడ అంటారు. రోల్ చుట్టిన కాగితం అంతా ఒకేసారి విప్పకుండా, తింటున్న కొద్దీ చింపుకుంటూ పోవాలి. లేకపోతే చొక్కా మీద పడుతుంది.

ప్రశ్న: సాల్ట్ లేక్ సెక్టార్ 5లో పరీక్ష ఉంది. ఒక్కడినే, రెండు రాత్రులు ఉండాలి, చేతిలో డబ్బు తక్కువ.
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: హౌరా స్టేషన్‌లోనే రిటైరింగ్ రూములు, డార్మిటరీ ఉన్నాయి. రైలు టికెట్ కన్ఫర్మ్ అయి ఉంటే పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు, గరిష్ఠంగా 48 గంటల దాకా ఇస్తారు, మీకు సరిగ్గా సరిపోతుంది. మంచాలు త్వరగా అయిపోతాయి కాబట్టి టికెట్ చేతికి రాగానే చూడండి. హౌరాలో మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా సెక్టార్ 5లోనే దిగుతారు. పరీక్ష రోజు టాక్సీ వాడితో బేరాలు పెట్టుకోకండి. పొద్దున టిఫిన్‌కు ఏ మిఠాయి కొట్టు ముందైనా కొచూరీ, ఆలూ కూర వేడివేడిగా దొరుకుతాయి, అది తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. ఆల్ ది బెస్ట్.

ప్రశ్న: కిందటేడు వెళ్లొచ్చాను. పప్పులో తీపి, కూరలో తీపి, బిర్యానీలో బంగాళాదుంప! మాలాంటి వాళ్లు అక్కడ ఏం తినాలి? ఈసారి ఆవకాయ పట్టుకెళ్లడం తప్ప దారి లేదా?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆవకాయ పట్టుకెళ్లండి, ఎవరు వద్దన్నారు. బంగాళాదుంప సంగతి మాత్రం నేను ఒప్పుకోను. అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో రాజ్యం పోయి కలకత్తాలోని మటియాబుర్జ్‌కు వచ్చినప్పుడు ఆయన వంటవాళ్లతో పాటు వచ్చిన బిర్యానీ అది. దుంప ఎందుకు పడిందన్న దాని మీద వాళ్లే ఇప్పటికీ వాదించుకుంటారు. హైదరాబాద్ బిర్యానీ అనుకుని తింటే చప్పగానే ఉంటుంది. అదో వేరే వంటకం అనుకుని, మాంసం రసం పీల్చుకున్న ఆ దుంపను చివరికి దాచుకుని తిని చూడండి. అప్పటికీ నచ్చకపోతే నాకు రాయండి.

కారానికి ఒక మాట నేర్చుకుని వెళ్లండి, 'కాంచా లొంకా'. పచ్చిమిరపకాయ అని. మీ కోనసీమలో లంక అంటే గోదావరి మధ్య నేల, వాళ్లకు లంక అంటే మిరపకాయ. అడిగితే రెండు తెచ్చి ఆకు మీద పెడతారు, అన్నంలో నంజుకోవచ్చు. శాకాహారం కావాలంటే 'నిరామిష్' అనాలి. అలా అంటే ఉల్లి, వెల్లుల్లి కూడా లేనిది తెస్తారు. గసగసాలతో చేసే ఆలూ పోస్తొ, శనగపప్పు ముద్దలు వేయించి పులుసు పెట్టే ధోకార్ డాల్నా, ఈ రెండూ మన నోటికి బాగానే పడతాయి. వంటంతా ఆవనూనెతోనే, దానికి రెండు రోజులు పడుతుంది అలవాటవడానికి.

తీపి ఎలాగూ తప్పదు కాబట్టి తినాల్సిన తీపే తినండి. చలికాలంలో నోలెన్ గుడ్ అని వస్తుంది, కొత్త బెల్లం. మనం ఈత చెట్టు గీసి కల్లు తీస్తాం, వాళ్లు అదే చెట్టు గీసి తెల్లవారుజామున దించిన రసాన్ని కాచి బెల్లం చేస్తారు. ఆ బెల్లంతో చేసిన సందేశ్ వేసవిలో దొరకదు. ఇంటికి తేవాలంటే పాకం ట్యూబుల్లో కూడా అమ్ముతున్నారు, మూత బిగించి బట్టల మధ్య కాకుండా విడిగా కవర్లో పెట్టుకోండి. నా తువ్వాలు ఇప్పటికీ ఆ వాసనే వస్తోంది.