వలయంలో నిలబడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

తత్త్వశాస్త్రంలో నీ పరిశోధనకు నాట్యాన్నీ మనసునూ జనసమూహాల ప్రవర్తననూ కలిపి ఒకే అంశంగా తీసుకుంటున్నావని మీ నాన్న చెప్పినప్పుడు చాలా గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

శరీరానుభవం గురించి రాసిన ఫ్రెంచి తత్త్వవేత్త మెర్లో-పాంటీని మూలగ్రంథంలోనే చదువు, రోజూ కొంత రాయి, నాట్య సాధన ఆపకు. మిగిలినవి నీకు తెలిసినవే.

నేను చేసిన ఒక తప్పు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. సిద్ధాంత వ్యాసం రాసే రోజుల్లో, గుంపులో చేరిన మనిషి వివేకం కోల్పోతాడన్న ఫ్రెంచి రచయిత గుస్తావ్ లె బాన్ 1895 నాటి వాదం నన్ను పూర్తిగా పట్టేసింది. ఒక సామూహిక నృత్యాన్ని మేడమీద నుంచి చూసి, వందల పాదాలు ఒక్కసారే నేలను తాకుతుంటే, అక్కడున్నది ఒకే మనసని మూడు అధ్యాయాలు రాసేశాను. ఏళ్ల తరువాత అదే నృత్యంలో, వలయంలో ఒకడిగా నిలబడ్డాను. నా పక్కనున్న ముసలావిడ అడుగు ప్రతిసారీ అరక్షణం వెనకబడుతోంది. ఆమెకు అవతలి వైపున్న కుర్రవాడు తల తిప్పకుండానే తన అడుగు కాస్త కురచ చేసి ఆమెను కలుపుకున్నాడు. నా చేతిమీద ఆమె పట్టు సడలింది. పైనుంచి నాకు ఒకే మనసుగా కనిపించినది ఇలాంటి వందల సర్దుబాట్లతో తయారవుతోంది. నేను కొట్టిపారేసింది ఆ కుర్రవాడి వివేకాన్నే. ఆ అధ్యాయాలను ఇప్పటికీ ఎవరైనా ఉటంకిస్తే తల వంచుకుంటాను.

1518లో, ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న స్ట్రాస్‌బర్గ్ జనం రోజుల తరబడి నర్తించిన ఉదంతం నీ మొదటి అధ్యాయమట. దాన్ని పిచ్చి అని ఒక్క మాటతో తేల్చెయ్యకు. ఆడితేనే తగ్గుతుందని వేదికలు కట్టించి వాయిద్యగాళ్లను పెట్టించిన నగర పెద్దలు కూడా నీ లెక్కలోకి రావాలి. వాళ్లూ నాలాగా మేడమీది వాళ్లే.

గుంపు లోపలికి వెళ్లమంటున్నది నేనే కనుక ఈ మాట కూడా నేనే చెప్పాలి. చదరపు మీటరుకు ఆరేడుగురు చేరితే మనుషులు తమంతట తాము నడవలేరు, నీళ్లలా తోసుకుపోతారు. అలాంటి చోట ఆ కుర్రవాడైనా అడుగు కురచ చేసుకోలేడు. చాలామంది ప్రాణాలు పోయేది కాళ్ల కింద నలిగి కాదు, నిలబడి ఉండగానే ఊపిరాడక. 2022లో సియోల్‌లోని ఇతేవాన్ ఇరుకు సందులో జనం ఒత్తిడికి 150 మందికి పైగా పోయారు. రెండు భుజాలకూ మనుషులు తగులుతున్నారంటే, రాస్తున్న వాక్యం సగంలో ఉన్నా సరే, పుస్తకం మూసి బయటికి వచ్చెయ్. చిక్కుకుపోతే చేతులు ఛాతీ ముందు ఉంచుకో, ఎదురు తోయకు, సందు దొరికినప్పుడల్లా పక్కకు జరుగు. నవ్వుకుంటావని తెలుసు, నవ్వుకో, కానీ బయటికి రాగానే ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ పెద్దనాన్న