మొదటి ఆరు నెలలూ సంపాదన మాటే వద్దు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు కొరియా చదువు గురించే. గుణుపురంలో పుట్టి, దక్షిణ కొరియాలోని డేగులో భాష నేర్చుకుని, ఇప్పుడు చెన్నై దగ్గర ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో దుబాసీగా పనిచేస్తున్న మా కాలమిస్టు జవాబులు ఇవి.)

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. డిగ్రీ అయింది. యూట్యూబ్ చూసి కొరియన్ నేర్చుకుని, ఆ భాష ఎంత వచ్చో చూసే టోపిక్ పరీక్షలో మొదటి లెవెల్ పాసయ్యాను. డేగులో ఒక యూనివర్సిటీ భాషా కేంద్రంలో మార్చి టర్మ్‌కి సీటొచ్చింది. అమ్మకి ఒకటే టెన్షన్. ఎక్కడ ఉంటావు, ఏం తింటావు అని రోజూ అడుగుతోంది. నా భయం వేరు. డ్రామాల్లో వినే కొరియన్‌తో అక్కడ నెగ్గుకురాగలనా? వెళ్లేముందు ఏం సర్దుకోవాలి?

జవాబు: చెల్లీ, అన్నిటికంటే ముందు నీ పేరు సర్దుకో. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను. మన సరిహద్దు తెలుగువాళ్ల పేర్లు ఏ రెండు కాగితాల్లోనూ ఒకేలా ఉండవు. ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా వచ్చి చివర కూర్చుంటుంది. బడిలో ఒడియా మాస్టారు రాసిన స్పెల్లింగు ఒకటి, పాతపట్నంలో చదివిన రెండేళ్లకు ఇచ్చిన టీసీలో ఇంకొకటి. కొరియాలో నీ ఏఆర్‌సీ కార్డు (విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు), బ్యాంకు ఖాతా, ఫోను కనెక్షన్ అన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ముడిపడి ఉంటాయి. రెండు మాటల మధ్య ఖాళీ తేడా వచ్చినా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేచోట ‘మీరు మీరు కారు’ అని ఆగిపోతుంది. మన పేర్ల పొడవుకి అక్కడి ఫారాల్లో గళ్లు చాలవు, అదొక తమాషా. అందుకని పాస్‌పోర్టు, మార్కుల జాబితాలు ముందే ఒక దారికి తెచ్చుకుని, సర్టిఫికెట్లు పరాయి దేశంలో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర వేయించుకో. వీసాకి టీబీ లేదన్న సర్టిఫికెట్ కూడా కావాలి. ఎంబసీ గుర్తించిన ఆస్పత్రిలో తీసుకున్నదే చెల్లుతుంది. తెలిసిన డాక్టరుగారు రాసిచ్చే కాగితం పనికిరాదు.

ఉండటానికి మొదటి టర్మ్‌కి హాస్టల్ దొరికితే మారుమాట లేకుండా తీసుకో. దొరక్కపోతే గోషివోన్. మంచం, బల్ల, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే గది. వంటిల్లు అందరికీ ఒకటే. అయితే చాలా గోషివోన్లలో అన్నం, కిమ్చీ (పులియబెట్టిన కూరగాయల పచ్చడి) ఇంటివాళ్లే ఉచితంగా పెడతారు, పెద్ద అడ్వాన్సూ అడగరు. వన్‌రూమ్ అనేది విడిగా, బాగానే ఉంటుంది కానీ యాభై లక్షల వోన్ల అడ్వాన్సు అడగడం మామూలే. కంగారుపడకు, వెయ్యి వోన్లంటే మన అరవై రూపాయల పైచిలుకు. అయినా అది మూడు లక్షలు! గది చూడకుండా, ఫొటోలు చూసి ఇక్కడినుంచే డబ్బు పంపకు.

దిగిన 90 రోజుల్లోగా ఏఆర్‌సీ కార్డుకి దరఖాస్తు చేయాలి. ఇమిగ్రేషన్ ఆఫీసులో ముందుగా ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకోవాలి. మార్చిలో కొత్త విద్యార్థులందరూ ఒకేసారి ఎగబడతారు కాబట్టి దిగిన వారంలోనే బుక్ చేసుకో. కార్డు చేతికొచ్చేదాకా ప్రీపెయిడ్ సిమ్‌తో నెట్టుకురావాలి. గూగుల్ మ్యాప్ అక్కడ నడక దారి సరిగా చూపించదు. నేవర్ మ్యాప్ ఎక్కించుకో. అనుమానం వస్తే ఫోన్ చేయాల్సిన ఇమిగ్రేషన్ నంబరు 1345, ఇంగ్లీషులో మాట్లాడతారు. పోలీసుకి 112, అంబులెన్స్‌కి 119.

చెత్త సంగతి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. 1995 నుంచి అక్కడ మామూలు చెత్తని ఆ ప్రాంతపు పాలకసంస్థ అమ్మే సంచిలోనే పడేయాలి. పక్క ప్రాంతపు సంచి ఇక్కడ చెల్లదు. తిండి చెత్త వేరు, ప్లాస్టిక్ వేరు, సీసాలు వేరు. ఇందులో చిక్కేమిటంటే, పశువులు తినగలిగిందే తిండి చెత్త. అన్నం మెతుకులు, కూర తొక్కలు అందులోకి వెళ్తాయి. కోడిగుడ్డు పెంకులు, ఎముకలు, ఉల్లిపొట్టు మాత్రం మామూలు సంచిలోకి. నువ్వు తప్పు సంచిలో వేస్తే కింది అంతస్తు ముసలమ్మ సంచి విప్పి మరీ చూసి, నీ తలుపు దగ్గరికి తెచ్చి పెడుతుంది. అవమానం అనుకోకు, ఆ పూట నీకు ఉచితంగా అరగంట కొరియన్ క్లాసు దొరికినట్టే.

అమ్మకి తిండి గురించి ఇలా చెప్పు. మన నెత్తళ్లే అక్కడా ఎండబెడతారు. వేయించి కూరగా తింటారు, పులుసుకి సారం కూడా వాటిదే. చద్దన్నం, తరవాణి తిని పెరిగినదానివి, పులిసిన వాసన నిన్నేం చేయదు. బియ్యం మాత్రం జిగురుగా ఉంటుంది, దాంతో పులిహోర కలిపితే ముద్దవుతుంది. చింతపండు, పోపుసామాను, ఆవకాయ పట్టుకెళ్లు. పచ్చి కరివేపాకు, పళ్లు, మాంసం పచ్చళ్లు వద్దు. విమానాశ్రయంలో పట్టుకుంటే జరిమానా కూడా వేస్తారు. మీ ఇంట్లో కార్తీకమాసం గట్టిగా పాటిస్తే ఒక ఇబ్బంది ఉంది. ‘మాంసం వద్దు’ అని చెబితే ముక్కలు తీసేసి ఇస్తారు గానీ పులుసు చాలాచోట్ల గొడ్డుమాంసం సారంతోనో నెత్తళ్ల సారంతోనో ఉంటుంది. కిమ్చీలోనూ సాధారణంగా రొయ్యలో చేపల సారమో పడుతుంది. ఆ నెలకి సొంత వంటే మేలు.

ఇక నీ అసలు ప్రశ్న. డ్రామాల్లో స్నేహితులు, ప్రేమికులు మాట్లాడుకునే కొరియన్ ఎక్కువ. దాన్ని పట్టుకెళ్లి టీచరుగారితో మాట్లాడితే, పెద్దావిణ్ణి ‘ఏయ్, ఇటు రా’ అన్నట్టే. ఎదుటివాళ్లే ‘పర్లేదు, చనువుగా మాట్లాడు’ అనేదాకా ప్రతి వాక్యం చివరా ‘యో’ తగిలించు. అంకెలు రెండు రకాలు ఉన్నాయని భయపడకు. గంటలు ఒక లెక్కలో, నిమిషాలు ఇంకో లెక్కలో చెబుతారు. పర్లాకిమిడి సంతలో తెలుగులో కాయలు లెక్కపెట్టి, ఒడియాలో ధర చెప్పే మనకి అదేమంత వింత కాదు.

ఒక సలహా గట్టిగా చెబుతాను. ఇంగ్లీషు ద్వారా కొరియన్ నేర్చుకోవడం మానెయ్. ‘నేను నిన్న బజార్లో కొన్న చెప్పులు’ అన్న మాటని ఇంగ్లీషులోకి పెట్టాలంటే తలకిందులు చేయాలి. కొరియన్‌లో అదే వరస, ఒక్క మాటా జరగదు. క్రియ చివర, విభక్తి మాట వెనక, గౌరవం క్రియలోనే. ఇంత సుఖం చేతిలో ఉంచుకుని మనవాళ్లు ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చుని తల పట్టుకుంటారు! నోటు పుస్తకంలో తెలుగు అర్థాలే రాసుకో. ఉచ్చారణని మాత్రం తెలుగు అక్షరాల్లో రాయకు. ‘క’కి అక్కడ మూడు రూపాలున్నాయి, వాటిలో ఏదీ మన క, ఖ, గ లకి అచ్చంగా సరిపోదు. 24 మూల అక్షరాలే కాబట్టి వాటిని చూసే చదవడం అలవాటు చేసుకో.

ప్రశ్న: మేడమ్, మాది రాయగడ. మా అబ్బాయి ఇంటర్ పాసయ్యాడు. ఒక ఏజెంటు కొరియాలో భాష కోర్సులో చేర్పిస్తాను, మొదటి వారం నుంచే పార్ట్‌టైమ్ పని దొరుకుతుంది, ఫీజు పోను ఇంటికి కూడా పంపవచ్చు అంటున్నాడు. అర ఎకరం అమ్మమంటారా?

జవాబు: అమ్మకండి అన్నయ్యగారూ.

భాష నేర్చుకునేవాళ్లకిచ్చే డీ-4 వీసాతో మొదటి ఆరు నెలలూ పని చేయడానికి వీల్లేదు. ఆ తర్వాత కూడా స్కూలు నుంచి కాగితం తీసుకుని, ఇమిగ్రేషన్ వాళ్ల అనుమతి ముందుగా పొంది, పరిమిత గంటలే చేయాలి. హాజరు, భాష లెవెల్ రెండూ చూస్తారు. అనుమతి లేకుండా దొరికితే జరిమానా, ఇంకా ముదిరితే తిరుగు విమానం. క్లాసులు వారానికి ఐదు రోజులు, రోజుకి నాలుగు గంటలు, పది వారాల టర్మ్. చాలా స్కూళ్లలో హాజరు 80 శాతం లేకపోతే పై లెవెల్‌కి పంపరు. రాత్రంతా గిన్నెలు కడిగి పొద్దున తొమ్మిదికి క్లాసులో కునికిపాట్లు పడేవాడికి ఆ శాతం ఎక్కణ్ణుంచి వస్తుంది? హాజరు పోతే వీసా పొడిగింపు పోతుంది, పొలమూ పోతుంది. పైగా ఆరు నెలలు దాటాక ఆరోగ్య బీమా సొమ్ము నెలనెలా కట్టాలి. ఇవన్నీ ఏజెంటు లెక్కలో ఉన్నాయేమో అడిగి చూడండి.

ఒక ఏడాది ఫీజు, తిండి, గది మీ చేతి డబ్బుతో సాగుతుందంటేనే పంపండి. లేదంటే ఇంకో దారి ఉంది. పిల్లాడు చదువులో గట్టివాడైతే కొరియా ప్రభుత్వమే ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్‌కి ప్రయత్నించమనండి. అందులో మొదట ఒక ఏడాది భాష, ఆ తర్వాత డిగ్రీ. ఫీజు, విమానం టికెట్, నెల ఖర్చు వాళ్లే ఇస్తారు. పోటీ ఎక్కువే, దాపరికం ఎందుకు. ఇక్కడే చదవాలంటే ఢిల్లీ జేఎన్‌యూలో కొరియన్ బీఏ ఉంది. చెన్నైలో ‘ఇన్‌కో’ అనే ఇండో-కొరియన్ సెంటర్, ఢిల్లీలో కొరియన్ కల్చరల్ సెంటర్ క్లాసులు చెబుతాయి.

ఉద్యోగం ఎక్కడ అని మీరు అడగలేదు గానీ అదీ చెబుతాను. ఒడిశాలో కొరియా ఉక్కు కంపెనీ పోస్కో 2005లో ఒప్పందం చేసుకుంది, 2017కి వెనక్కి వెళ్లిపోయింది. ఆ కబుర్లు విని ఎదురుచూసిన ఊళ్లు మీకు తెలుసు. ఇప్పుడు దుబాసీ పనులు పెనుకొండలో కియా చుట్టూ, శ్రీపెరుంబుదూరులో హ్యుందాయ్ చుట్టూ ఉన్నాయి. టోపిక్‌లో మొత్తం ఆరు లెవెళ్లు. రెండో లెవెల్‌తో వచ్చినవాణ్ణి ఆ ఫ్యాక్టరీల గేటు దగ్గర పలకరించేవాళ్లు కూడా ఉండరు. నా లెక్కలో ఐదు కావాలి. టోపిక్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి ఇప్పుడే రాయించేసి బీరువాలో దాచుకోవడమూ కుదరదు.

ప్రశ్న: అక్కా, నేను బరంపురం వాణ్ణి. డేగులోనే ఉన్నాను, రెండో టర్మ్. పరీక్షల్లో మార్కులొస్తున్నాయి, నోరు మాత్రం పెగలడం లేదు. రూమ్‌లో అందరం హిందీలోనే మాట్లాడుకుంటాం. బజార్లో పెద్దవాళ్లు మాట్లాడితే ఒక్క ముక్క అర్థం కాదు. టోపిక్ పై లెవెల్స్ రాయాలి.

జవాబు: తమ్ముడూ, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. రూమ్ మారు. స్నేహితుల్ని వదులుకోమని కాదు, ఆదివారాలు కలిసి వండుకోండి. నీ పక్క మంచం వాడికి మాత్రం హిందీ రాకూడదు. వియత్నాం కుర్రాడైనా సరే, అప్పుడు మీ ఇద్దరికీ కొరియన్ తప్ప గత్యంతరం ఉండదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష ఎలా నేర్చుకున్నారో తెలుసా? చేతిలో పుస్తకమూ లేదు, నిఘంటువూ లేదు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట్లాడుతూ నేర్చుకున్నారు. ఆ తర్వాత నిఘంటువు ఆయనే రాశారు.

బజారు భాష అర్థం కాకపోవడం నీ లోపం కాదు. టీచర్లు చెప్పేది సియోల్ మాట. సొమున్ మార్కెట్‌లో బట్టలమ్మే ఆవిడది డేగు యాస, మాటల చివర్లు కోసేసి, రాగం మార్చి మాట్లాడుతుంది. వారానికోసారి ఒకే కొట్టుకి వెళ్లు. అదే మనిషి, అదే మాటలు పదిసార్లు చెవిన పడితే యాస దానంతటదే విడిపోతుంది. భాద్రపద పౌర్ణమి ప్రాంతంలో వచ్చే చుసోక్ పండక్కి కాంపస్ ఖాళీ అయిపోతుంది, క్యాంటీన్లు, చాలా కొట్లు మూసేస్తారు. ముందే సరుకులు తెచ్చుకో. ఆ కొట్టావిడ ఇంటికి రమ్మంటే మొహమాటపడకుండా వెళ్లు, ఒక పళ్ల పెట్టె చేతిలో పట్టుకుని.

పరీక్ష మాటకొస్తే, పై లెవెళ్లకి రాసే టోపిక్-2 పరీక్షలో 54వ ప్రశ్న 600 నుంచి 700 అక్షరాల వ్యాసం, గళ్ల కాగితం మీద రాయాలి. అందులో ‘యో’ వాక్యాలు రాస్తే మార్కులు పోతాయి, ‘దా’తో ముగిసే రాత భాష కావాలి. రాత మాటలాగే ఉండాలని జీవితమంతా పోరాడిన పంతులుగారి ఊరి పక్కవాళ్లం, మనకిది కొంచెం కష్టంగానే ఉంటుంది! గళ్ల కాగితాల కట్ట స్టేషనరీ కొట్లో దొరుకుతుంది. వారానికి ఒక వ్యాసం రాసి, క్లాసు అయ్యాక టీచరుగారి చేతికివ్వు. ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తారు. ఆ దిద్దినదాన్ని మళ్లీ శుభ్రంగా ఎత్తిరాసి, పైకి చదువు, కొత్త రూమ్‌మేట్ ముందే.